చేతిలో ఫోను, దారిలో జనం: సంచారాన్ని లెక్కించే కొత్త విద్య

మనుషులు ఎక్కడ నివసిస్తున్నారో చెప్పడానికి జనాభా లెక్కలున్నాయి. ఎక్కడి నుండి ఎక్కడికి, ఏ నెలలో, ఎంతమంది కదులుతున్నారో చెప్పే లెక్క మాత్రం చాలాకాలం ఏ ప్రభుత్వం వద్దా సరిగా లేదు. పదేళ్ళకొకసారి గణకుడు తలుపు తట్టినప్పుడు కనిపించినవారే ఆ ఊరివారు. ఇంటికి తాళం వేసి సుగ్గికి పోయిన కుటుంబం, ఇటుక బట్టీ వద్ద గుడిసె వేసుకొన్న కుటుంబం, ఉదయం హిందూపురంలో రైలెక్కి బెంగళూరులో పని చేసుకొని రాత్రికి ఇల్లు చేరే మనిషి, వీరి రాకపోకలు ఆ పట్టికలలో స్పష్టంగా కనబడవు. 2011 జనగణన జరిగింది ఫిబ్రవరిలో; బట్టీల పని ముమ్మరంగా సాగే కాలం అది.

ఈ లోటును కొంతవరకు పూరించగల సాధనం ఒకటి అనుకోకుండా లభించింది. దానిని ఏ శాస్త్రవేత్తా ఇందుకోసం కనిపెట్టలేదు. టెలిఫోను కంపెనీలు బిల్లులు వేసుకొనడానికి రాసుకొన్న చిట్టాయే ఆ సాధనం. గడచిన రెండు దశాబ్దాలలో ఈ చిట్టాల ఆధారంగా భూకంప బాధితులు ఎటు పోయారో కనుగొన్నారు, మలేరియా ఏ దారిన పయనిస్తున్నదో గుర్తించారు. అదే చిట్టా ఒక మనిషి గుట్టును ఎంత సులువుగా బయటపెట్టగలదో కూడా ఆ పరిశోధకులే తేల్చి చెప్పారు.

ఫోను వదిలే జాడ

సెల్‌ఫోను పనిచేయాలంటే సమీపంలోని ఏదో ఒక టవరుతో దానికి సంబంధం ఉండాలి. నగరాలలో టవర్లు కొన్ని వందల మీటర్లకొకటి ఉంటాయి. పల్లెలలో రెండు టవర్ల నడుమ కొన్ని కిలోమీటర్ల దూరం ఉండవచ్చు. పాత తరహా జీఎస్ఎమ్ టవరు సామాన్యంగా 35 కిలోమీటర్లకు మించి అందుకోలేదు. ఫోనుకు కాల్ వచ్చినా, దాని నుండి కాల్ వెళ్ళినా, సందేశం పంపినా కంపెనీ కంప్యూటరులో ఒక పంక్తి నమోదవుతుంది. ఏ నంబరు నుండి ఏ నంబరుకు, ఏ తేదీన, ఏ సమయానికి, ఎంతసేపు, ఏ టవరు ద్వారా అన్నవి అందులో ఉంటాయి. దీనినే కాల్ డీటెయిల్ రికార్డు అనీ, క్లుప్తంగా సీడీఆర్ అనీ అంటారు. మాట్లాడుకొన్న మాటలు ఇందులో ఉండవు.

స్మార్ట్‌ఫోనులోని లొకేషన్ సౌకర్యం, ఇదీ ఒకటే అని చాలామంది పొరబడుతుంటారు. లొకేషన్‌ను యజమాని ఆపివేసుకోవచ్చు. టవరు నమోదు మాత్రం ఫోను వాడినంతకాలం జరుగుతూనే ఉంటుంది. తాతగారి చేతిలోని బటన్ల ఫోనుకు కూడా ఈ చిట్టా ఉంటుంది. పేద దేశాలలో పరిశోధకులకు ఇది అక్కరకు రావడానికి అసలు కారణం ఇదే.

చిట్టాను పరిశోధకుల చేతికిచ్చే ముందు కంపెనీ అసలు నంబరును తొలగించి, దాని స్థానంలో అర్థంలేని ఒక గుర్తును పెడుతుంది. ఒక ఫోనుకు మొదటి నుండి చివరి వరకు అదే గుర్తు. తరువాత పొలాల మధ్య గట్లు వేసినట్లు, పక్కపక్క టవర్ల నడుమ సగం దూరంలో గీతలు గీసి, దేశపటాన్ని ముక్కలుగా విభజిస్తారు. ఏ ముక్కలో మాట్లాడిన ఫోను ఆ ముక్కలో ఉన్నట్లు. రాత్రివేళలలో ఎక్కువసార్లు ఏ టవరు కింద నమోదైతే అక్కడ ఆ మనిషి ఇల్లు ఉన్నట్లు భావిస్తారు. నేడు ఒక ముక్కలో, రేపు మరొక ముక్కలో కనిపిస్తే ఒక ప్రయాణం జరిగినట్లు రాసుకొంటారు. ఇలా లక్షల ఫోనుల ప్రయాణాలను కూడితే ఏ ప్రాంతం నుండి ఏ ప్రాంతానికి ఎంత జనప్రవాహం ఉన్నదో తెలుస్తుంది. పద్ధతి ఇంతే. చిక్కులన్నీ వివరాలలో ఉన్నాయి.

డాలరు నోటు నుండి సిమ్ కార్డు వరకు

ఫోను చిట్టాలు చేతికి రాకముందు ఒక విచిత్రమైన ప్రయత్నం జరిగింది. అమెరికాలో కొందరు సరదాకు తమ చేతికి వచ్చిన డాలరు నోటు సంఖ్యను, ఊరిని ఇంటర్నెట్‌లో నమోదు చేస్తుండేవారు. అదే నోటు మరొకరికి మరొక ఊరిలో చిక్కితే వారూ నమోదు చేసేవారు. డిర్క్ బ్రోక్‌మన్ అనే జర్మనీ భౌతికశాస్త్రవేత్త, ఆయన సహచరులు ఇలా తిరిగిన 4,64,670 నోట్ల జాడను పరిశీలించి 2006లో 'నేచర్' పత్రికలో ప్రచురించారు. మనిషి తిరిగితేనే నోటు తిరుగుతుంది కనుక ఇది జనసంచారానికి గుర్తు అన్నది వారి తర్కం. అయితే నోటు చేతులు మారుతుంది. సంతలో ఒకరి జేబు నుండి మరొకరి జేబులోకి పోయిన నోటు ఎవరి ప్రయాణాన్ని చూపుతున్నట్లు?

ఫోను సామాన్యంగా చేతులు మారదు. 2008లో మార్టా గోంజాలెజ్, సీజర్ హిడాల్గో, ఆల్బర్ట్ లాస్లో బరబాసి అనే ముగ్గురు 1,00,000 మంది ఫోను వాడకందారుల ఆరు నెలల చిట్టాను విశ్లేషించి అదే 'నేచర్'లో ప్రకటించిన ఫలితం అందరినీ ఆకర్షించింది. నోట్ల లెక్కనుబట్టి చూస్తే మనుషులు గాలికి కొట్టుకొనిపోయే దూదిపింజల వలె ఎటంటే అటు తిరుగుతున్నట్లుండేది. ఫోనుల లెక్కలో అది తారుమారైంది. ఎంత దూరం పోయేవారైనా, ఎంత దగ్గర తిరిగేవారైనా, తిరిగి తిరిగి చేరేది కొద్దిపాటి చోట్లకే. ఇల్లు, పని, బంధువుల ఊరు, ఇంకొకటో రెండో.

2010లో బరబాసి బృందమే 50,000 మంది మూడు నెలల చిట్టాను పరిశీలించి, మనిషి తరువాత ఎక్కడ ఉంటాడో ముందుగా చెప్పగల అవకాశం 93 శాతం వరకు ఉన్నదని 'సైన్స్' పత్రికలో రాసింది. ఈ అంకె పత్రికలలో చాలా వక్రంగా ప్రచారమైంది. కంప్యూటరు ఎవరి రేపటినో 93 శాతం చెప్పేసిందని దీని అర్థం కాదు. మన అలవాట్లలో ఉన్న క్రమాన్నిబట్టి, ఎంత గొప్ప పద్ధతి వాడినా దాటలేని గరిష్ఠ హద్దు అది. ఎంతోమంది సోదికత్తెలు దీనికన్నా ఎక్కువే చెబుతామంటారు గాని, అది వేరే సంగతి.

హైతీ, 2010

ఈ విద్య పుస్తకాల నుండి బయటకు వచ్చి ప్రాణాలకు సంబంధించినదైంది హైతీలో. 2010 జనవరి 12న ఆ చిన్న ద్వీపదేశపు రాజధాని పోర్టొ ప్రిన్స్ సమీపంలో భూకంపం వచ్చింది. లక్షకు మించి జనం మరణించారు. బతికినవారు దొరికిన బండి ఎక్కి, కొందరు నడిచి, నగరం విడిచిపోయారు. డేరాలు, మంచినీళ్ళు, మందులు తెచ్చిన సహాయ సంస్థలకు ఎదురైన మొదటి ప్రశ్న, జనం ఎక్కడ ఉన్నారు అన్నది. రోడ్ల మీద నిలబడి లెక్కపెట్టడం, బస్సులను చూసి అంచనా వేయడం, అధికారులు చెప్పినది రాసుకొనడం తప్ప వేరే మార్గం లేదు.

స్వీడన్‌లోని కరోలిన్‌స్కా వైద్య విద్యాలయానికి చెందిన లీనస్ బెంగ్ట్‌సన్, ఆయన మిత్రులు ఆ దేశంలోని అతి పెద్ద ఫోను కంపెనీ డిజిసెల్‌ను సంప్రదించారు. భూకంపానికి ముందు 42 రోజుల నుండి తరువాత 158 రోజుల వరకు, 19 లక్షల సిమ్ కార్డుల స్థానాలు వారికి లభించాయి. ఆనాడు నగరంలో ఉన్నవారిలో సుమారు 6,30,000 మంది జనవరి 31 నాటికి నగరం వెలుపల ఉన్నారని వారి లెక్క తేల్చింది. అనంతరం ఐక్యరాజ్యసమితి జనాభా నిధి పెద్దఎత్తున ఇంటింటి సర్వే జరిపినప్పుడు, జనం ఏయే జిల్లాలకు ఏ నిష్పత్తిలో పోయారన్న విషయంలో ఫోనుల లెక్క ఆ సర్వేతో చాలా దగ్గరగా సరిపోయింది. ఆపద సమయంలో సహాయకులు ఆధారపడిన తొలి అంచనాలు మాత్రం సర్వేకు దూరంగా ఉన్నాయి. ఈ వివరాలు 2011లో 'ప్లాస్ మెడిసిన్' పత్రికలో వెలువడ్డాయి.

అదే ఏడాది అక్టోబరులో హైతీలో కలరా పుట్టింది. ఈసారి ఆ బృందం ఆలస్యం చేయలేదు. కలరా సోకిన ప్రాంతం నుండి ఫోనులు ఎటెటు పోతున్నాయో, కంపెనీ నుండి చిట్టా అందిన 12 గంటలలోపే పటంగా గీసి సహాయ సంస్థలకు పంపింది. ఆ తరువాత వీరే ఫ్లోమైండర్ అనే లాభాపేక్ష లేని సంస్థగా ఏర్పడ్డారు. 2015 ఏప్రిల్ 25న నేపాల్‌లో భూకంపం వచ్చినప్పుడు ఎన్‌సెల్ కంపెనీకి చెందిన కోటీ ఇరవై లక్షల ఫోనుల ఆధారంగా, మామూలుగా వెళ్ళేవారికన్నా 3,90,000 మంది అదనంగా ఖాట్మండు లోయను విడిచి వెళ్ళారని అంచనా వేసింది ఈ సంస్థే.

హైతీ చిట్టాలో ఇంకొక విశేషం 2012లో బయటపడింది. భయంతో పారిపోయేవారు దిక్కుతోచక ఎటో పోతారని అందరూ అనుకొంటారు. వారు పోయిన చోట్లను పరిశోధకులు వెనుకటి నెలల చిట్టాతో పోల్చి చూశారు. భూకంపం జనవరి 12న కదా; దానికి మూడు వారాల ముందే క్రిస్మసు, కొత్త సంవత్సరం పండుగలు. ఆ పండుగలకు ఎవరు ఏ ఊరికి పోయారో, భూకంపం తరువాత చాలామంది ఆ ఊరికే పోయారు! అమ్మమ్మ ఊరు, అన్నదమ్ముల ఊరు, అత్తవారి ఊరు. సంక్రాంతికి హైదరాబాదు ఎలా ఖాళీ అవుతుందో, ఉగాదికి బెంగళూరు బస్సులు ఎటు నిండుతాయో తెలిసినవారికి ఇది వింతగా తోచదు. కాని విపత్తు నిర్వహణ చేసేవారికి ఇది అమూల్యమైన సంగతి. పండుగనాటి ప్రయాణాలు తెలిస్తే, ఆపదనాడు ఏ జిల్లా ఆసుపత్రిలో ఎన్ని మంచాలు అదనంగా కావాలో ముందే ఊహించవచ్చు.

బస్సెక్కిన మలేరియా

మలేరియాను దోమ మోస్తుందని బడిపిల్లలకు కూడా తెలుసు. అయితే దోమ ఎగిరే దూరం స్వల్పం. రక్తంలో ఆ క్రిమి ఉండి కూడా జ్వరం రాని మనిషి బస్సెక్కితే ఒక్క రాత్రిలో వందల కిలోమీటర్లు పోతాడు. అక్కడి దోమ అతనిని కుట్టి మరొకరిని కుడుతుంది. ఈ దారిని పట్టుకొనడం ఎలా?

ఏమీ వెసొలోవ్‌స్కీ, కరోలిన్ బకీ మొదలైన పరిశోధకులు కెన్యా దేశంలో 2008 జూన్ నుండి 2009 జూన్ వరకు దాదాపు కోటీ యాభై లక్షల ఫోనుల చిట్టాను, 11,920 టవర్ల స్థానాలను తీసుకొన్నారు. ఆ పటం మీద మలేరియా ఏ ప్రాంతంలో ఎంత ఉన్నదో చూపే మరొక పటాన్ని పరచారు. విక్టోరియా సరస్సు పరిసరాలు ఆ క్రిమికి పుట్టిల్లు అనీ, రాజధాని నైరోబీ దానిని దిగుమతి చేసుకొనే చోటు అనీ తేలింది. అంటే నైరోబీలో ఎన్ని మందులు చల్లినా చాలదు. సరస్సు ఒడ్డున తగ్గిస్తేనే రాజధానిలో తగ్గుతుంది. ఈ పరిశోధన 2012లో 'సైన్స్'లో అచ్చయింది.

అదే దేశంలో కెరిచో అనే ఊరి టవరు ఒకటి పరిశోధకుల దృష్టిని ఆకర్షించింది. ఆ టవరు కింద మాట్లాడేవారు చుట్టుపక్కల ప్రాంతపు సగటుకన్నా 16 రెట్లు ఎక్కువగా బయటి ఊళ్ళకు ప్రయాణిస్తున్నారు. మలేరియా హెచ్చుగా ఉన్న సరస్సు ప్రాంతానికి పోయే అవకాశమూ వారికి మూడు రెట్లు ఎక్కువ. ఉపగ్రహ చిత్రం తీసి చూస్తే అక్కడ ఉన్నది పెద్ద తేయాకు తోట. తోటకు వలస వచ్చే కూలీలు సొంత ఊరికీ పనికీ మధ్య తిరుగుతున్నారన్నమాట. ఏ ఆరోగ్య శాఖ రిజిస్టరులోనూ లేని కూలీల దారి ఫోను చిట్టాలో కనబడింది. దోమతెరలు, రక్తపరీక్షలు ముందుగా ఎక్కడ అందించాలో దీనినిబట్టి చెప్పవచ్చు.

మన పొరుగునే పాకిస్తాన్‌లో 2013లో డెంగ్యూ ప్రబలినప్పుడు, దాదాపు నాలుగు కోట్ల ఫోనుల సమాచారాన్ని వాతావరణ వివరాలతో కలిపి ఇటువంటి అధ్యయనమే జరిగింది. డెంగ్యూ ఏళ్ళ తరబడి పాతుకొని ఉన్న కరాచీ నుండి ప్రయాణికుల వెంట అది లాహోరుకు, స్వాత్ లోయలోని మింగోరాకు ఎప్పుడు చేరగలదో అందులో అంచనా కట్టారు.

లెక్కకు అందని వారు

ఇంతవరకు చెప్పినది చదివితే ఈ చిట్టా సర్వజ్ఞమనిపిస్తుంది. కాదు. ఫోను చెప్పేది ఫోను సంగతి. మనిషి సంగతి కాదు. మన దేశంలో 2019-21 మధ్య జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, తాము స్వయంగా వాడుకొనే ఫోను ఉన్న స్త్రీలు 54 శాతమే. మిగిలినవారు ఎక్కడికి పోయినా చిట్టాలో లేనట్లే. చంటిబిడ్డలూ, వృద్ధులూ అంతే. ఇంట్లో ఒకే ఫోను ఉంటే దానిని ఇంటిపెద్ద పనికి తీసుకొనిపోతాడు; ఇల్లంతా పనికి పోయినట్లు లెక్క వస్తుంది. కెన్యాలో సర్వేలతో పోల్చి చూసినప్పుడు, కలిగినవారికే ఫోనులు ఎక్కువనీ, వారే ఎక్కువగా ప్రయాణిస్తారనీ తేలింది. అయినప్పటికీ ఈ లోపం వలన మొత్తం జనప్రవాహపు అంచనా అనుకొన్నంతగా చెడలేదని 2013లో వెసొలోవ్‌స్కీ బృందమే రాసింది. కెన్యాకు సరిపోయిన ఆ మాట ప్రతి దేశానికీ సరిపోతుందని అనుకొనడానికి లేదు.

సిమ్ కార్డుల తంటా మరొకటి. మన దేశంలో 110 కోట్లకు పైగా మొబైల్ కనెక్షన్లున్నాయి గాని, అన్ని కోట్ల మంది మనుషుల చేతిలో ఫోనులున్నాయని కాదు. ఒకే ఫోనులో రెండు సిమ్‌లు సర్వసాధారణం. రోమింగ్ ఛార్జీలు భారంగా ఉన్న రోజులలో పక్క రాష్ట్రానికి పనికి పోయిన కూలీ అక్కడి సిమ్ కొనుక్కొనేవాడు. చిట్టా దృష్టిలో ఊరిలో ఒక మనిషి మాయమయ్యాడు, నగరంలో వేరొక మనిషి పుట్టాడు. వలస జరిగినట్లే లేదు.

సరిహద్దు గ్రామాలవారికి బాగా అనుభవమైన చిక్కు ఇంకొకటి ఉన్నది. సంకేతానికి రాష్ట్రపు హద్దురాయి తెలియదు. దాదాపు చుట్టూ ఆంధ్రప్రదేశ్ భూభాగమే ఉన్న పావగడ తాలూకా వంటి చోట, ఇంటి అరుగు మీద కూర్చున్నవాని ఫోను ఒకసారి కర్ణాటక టవరును, మరొకసారి గుట్ట మీది ఆంధ్ర టవరును అందుకొంటుంది. ఒకప్పుడు ఇందువలన సొంత ఇంట్లోనే రోమింగ్ కింద పైసలు కత్తిరించుకొనేవారు. పరిశోధకుని పటంలో ఆ మనిషి ఒక్క సాయంత్రంలో నాలుగుసార్లు రాష్ట్రం దాటినట్లు పడుతుంది. దీనిని శాస్త్రజ్ఞులు ఊగిసలాట అంటారు. కొద్ది నిమిషాలలోనే అటూ ఇటూ మారిన నమోదులను, ఏ వాహనమూ అందుకోలేని వేగంతో జరిగినట్లు కనిపించే ప్రయాణాలను తీసివేస్తారు. అలా తీసివేయడంలో నిజంగా సరిహద్దు దాటి పావుగంటలో పాలు పోసి వచ్చినవారు కూడా కొట్టుకొనిపోతారు. నగరాల మధ్య ప్రయాణాలను లెక్కించేవారికి ఇది చిన్న పొరపాటు. సరిహద్దు పల్లెల జీవనమే ఆ పావుగంట రాకపోకలు.

ఇండొనేషియా ఈ చిక్కును తప్పించుకోలేకపోయింది. మలేషియా వంటి పొరుగు దేశాల నుండి చెక్‌పోస్టు లేని దారులలో వచ్చిపోయేవారిని లెక్కించడానికి ఆ దేశపు గణాంక శాఖ 2016 అక్టోబరు నుండి ఫోను సమాచారాన్ని అధికారికంగా వాడుతున్నది. తమ టవర్ల కింద కనిపించిన విదేశీ సిమ్‌లను లెక్కిస్తారు. హద్దుకు అవతలే ఉండి, ఇవతలి టవరును అందుకొన్న ఫోనులను ఇందులో నుండి ఏరివేయడం వారికి పెద్ద పని.

నాలుగు ఆనవాళ్ళు

పేరు, నంబరు తీసివేస్తే గుట్టు దాగినట్లేనా? ఈవ్ అలెగ్జాండర్ ద మోంజోయ్ అనే యువ పరిశోధకుడు, ఆయన సహచరులు 2013లో ఇచ్చిన జవాబు ఈ రంగంలో అందరినీ ఆలోచింపజేసింది. పదిహేను లక్షల మంది పదిహేను నెలల చిట్టాలో, ఒక మనిషి ఏ గంటకు ఏ టవరు కింద ఉన్నాడో తెలిపే నాలుగు ఆనవాళ్ళు చాలు, నూటికి 95 మందిని తక్కినవారందరి నుండి వేరుచేసి పట్టుకొనడానికి.

దీనిని మన ఊరి మాటలలో చెప్పుకొంటే సులభంగా బోధపడుతుంది. సోమవారం పొద్దున ఇచ్ఛాపురం సంతలో, గురువారం మధ్యాహ్నం బరంపురం ఆసుపత్రిలో, శనివారం రాత్రి ఫలానా పెళ్ళిలో, ఆదివారం తెల్లవారుజామున రైలు స్టేషనులో ఉన్న మనిషి లక్షమందిలో ఒక్కరే ఉంటారు. ఈ నాలుగూ తెలిసిన పొరుగువారికి, చిట్టాలో అర్థంలేని ఆ గుర్తు ఎవరిదో తెలిసిపోతుంది. గుర్తు తెలిస్తే మిగిలిన పదిహేను నెలలూ తెరిచిన పుస్తకమే. ఎవరి ఇంటికి, ఏ వైద్యుని వద్దకు, ఏ సభకు పోయారో అన్నీ అందులో ఉంటాయి. సమయాన్ని, స్థలాన్ని స్థూలంగా చేసి చూపినా రక్షణ పెద్దగా పెరగదని కూడా వారు నిరూపించారు.

అందువలననే ఫ్లోమైండర్ వంటి సంస్థలు ఒక్కొక్కరి చిట్టాను కంపెనీ గడప దాటించకుండా అక్కడే కూడికలు వేయించి, 'ఈ జిల్లా నుండి ఆ జిల్లాకు ఇంతమంది' అన్న మొత్తాలనే బయటకు తెచ్చే పద్ధతిని అనుసరిస్తున్నాయి. మొత్తం సంఖ్యకూ, మనిషి జాడకూ మధ్య ఉన్న ఈ గీతయే అన్నిటికన్నా ముఖ్యమైనది. 2020 మేలో దక్షిణ కొరియా ప్రభుత్వం ఆ గీతను తెలిసే దాటింది. సియోల్‌లోని ఇటేవాన్ ప్రాంతపు క్లబ్బుల నుండి కరోనా వ్యాపించినప్పుడు, ఆ రోజులలో అక్కడి టవర్ల కింద ఉన్న పదివేలకు పైగా ఫోను యజమానులను కంపెనీల ద్వారా గుర్తించి, పరీక్ష చేయించుకొనమని సందేశాలు పంపింది. వ్యాధి అదుపునకు అది ఉపకరించింది. ఎవరు ఎక్కడికి పోయారో నలుగురికీ తెలియడం వలన కొందరు అవమానాలపాలైన మాట కూడా నిజమే.

2020లో ఇక్కడ

ఆ ఏడాది మార్చి 24 రాత్రి దేశమంతటా లాక్‌డౌన్ ప్రకటించినప్పుడు, ఏ నగరంలో ఏ జిల్లావారు ఎంతమంది ఉన్నారో చెప్పగల పట్టిక ఎవరి దగ్గరా లేదు. గుజరాత్‌లోని వేరావల్ రేవులో చిక్కుకొన్న ఉత్తరాంధ్ర మత్స్యకారులు వేలమంది ఉన్నారని వారి కుటుంబాలు చెబితేనే బయటకు తెలిసింది. ఆ సెప్టెంబరులో పార్లమెంటుకు కేంద్ర కార్మిక శాఖ ఇచ్చిన సమాధానం ప్రకారం సొంత రాష్ట్రాలకు తిరిగివచ్చిన వలస కార్మికులు కోటీ నాలుగు లక్షలు. దారిలో మరణించినవారి వివరాలు తమ వద్ద లేవని అదే శాఖ తెలిపింది.

ఆ కాలంలో గూగుల్ సంస్థ జిల్లాలవారీగా జనసంచారపు నివేదికలు ఇచ్చింది. 2022 అక్టోబరులో వాటిని నిలిపివేసింది. అవి లొకేషన్ సౌకర్యాన్ని తెరిచి ఉంచిన స్మార్ట్‌ఫోనులవి మాత్రమే. కాలినడకన పోయేవారి చేతిలోని చిన్న ఫోనులకు వాటిలో చోటులేదు. అంతకుముందు, 2017 జనవరిలో విడుదలైన ఆర్థిక సర్వే మరొక ఉపాయం ప్రయోగించింది. రైల్వేలోని రిజర్వేషను లేని టిక్కెట్ల లెక్కనుబట్టి, రాష్ట్రాల మధ్య ఏటా సుమారు 90 లక్షల మంది పనికోసం వలసపోతున్నారని అంచనా కట్టింది. తెలివైన ఉపాయమే. కాని ఎర్రబస్సులోనో లారీ వెనుకనో పోయే సుగ్గి కూలీలు, బొలంగీరు నుండి తెలంగాణ బట్టీలకు మేస్త్రీ వ్యానులో వచ్చే కుటుంబాలు టిక్కెట్టు కొనరు కదా. వారిలో చాలామంది జేబులో ఫోను ఉంటుంది.

ఆ చిట్టాలు మన కంపెనీల వద్ద ఉన్నాయి. 2021 డిసెంబరులో సవరించిన లైసెన్సు నిబంధనల ప్రకారం వాటిని కనీసం రెండేళ్ళు భద్రపరచాలి. వాటిని ఎవరు అడగవచ్చు, ఎంతవరకు అడగవచ్చు అన్న వివాదం కూడా వచ్చింది. ఆంధ్రప్రదేశ్, ఒడిశాతో సహా పలు సర్కిళ్ళలో కొన్ని ప్రత్యేక దినాలకు వాడకందారులందరి చిట్టాలను టెలికం శాఖ కోరుతున్నదనీ, కంపెనీల సంఘం దానిపై అభ్యంతరం తెలిపిందనీ 2020 మార్చిలో పత్రికలలో వచ్చింది. కాల్స్ మధ్యలో తెగిపోతున్నాయన్న ఫిర్యాదులను పరిశీలించడానికేననీ, ఎవరి గోప్యతకూ భంగం లేదనీ శాఖ వివరణ ఇచ్చింది. ఇక్కడ ఆంధ్రప్రదేశ్ సర్కిలు అంటే తెలంగాణ కూడా అందులో భాగమే; రాష్ట్రం విడిపోయినా టెలికం సర్కిలు విడిపోలేదు.

గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న తీర్పు చెప్పింది. ఆ కేసు వేసినవారు కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి కె.ఎస్. పుట్టస్వామి. ఆ తీర్పు తరువాత ఆరేళ్ళకు, 2023 ఆగస్టులో, డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. పరిశోధనకు, గణాంకాలకు సమాచారం వాడుకొనడాన్ని ఆ చట్టం కొన్ని షరతులతో మినహాయించింది. ఆ సమాచారాన్నిబట్టి ఏ ఒక్క వ్యక్తి విషయంలోనూ నిర్ణయం తీసుకోరాదన్నది వాటిలో ముఖ్యమైనది. కేంద్రం ప్రకటించే ప్రభుత్వ సంస్థలకు దేశ భద్రత వంటి కారణాలతో ఇంతకన్నా విశాలమైన మినహాయింపు కూడా అందులోనే ఉన్నది. చట్టం కింద నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. కంపెనీల బాధ్యతలకు సంబంధించిన ప్రధాన నియమాలు అప్పటి నుండి పద్దెనిమిది నెలలకు అమలులోకి వచ్చేటట్లు గడువు పెట్టారు.